ఆకు టీ కాచుకోవడం, దాచుకోవడం: గోదావరి డెల్టా ఇళ్లకి తరచుగా అడిగే ప్రశ్నలు

మా బావగారు ఓఎన్జీసీలో పనిచేస్తారు. రాజమండ్రి నుంచి అస్సాంలోని శివసాగర్‌కి బదిలీ అయ్యాక, సెలవుకి వచ్చినప్పుడల్లా ఆకు టీ పొట్లాలు తెచ్చి ఇంటింటికీ పంచడం మొదలెట్టారు. నాకిచ్చిన మొదటి పొట్లాన్ని నేను చేతులారా పాడుచేశాను. తీసుకెళ్లి ఆవకాయ జాడీల గూట్లో పెట్టాను. నెల తిరిగేసరికి టీలో ఆవఘాటు, ఇంగువ వాసన. అప్పుడు తెలిసింది, కాచడం కంటే దాచడమే కష్టమని. రాజోలు దాటి సముద్రం వైపు ఉండే మా ఊళ్లో ఆకు టీకి పడనివి రెండే, నీళ్లూ గాలీను. ఆ తర్వాత చుట్టాలూ ఇరుగుపొరుగూ అడిగినవీ, నేను తప్పులు చేసి నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

ఆకు టీ అంటే వేరే చెట్టా? మనం రోజూ వాడే టీ పొడి ఆకు కాదా?

చెట్టు ఒకటే. తేడా అంతా ఫ్యాక్టరీలో. మన కిరాణా కొట్లో దొరికే గుండ్రటి గింజల్లాంటి పొడి సీటీసీ రకం. ఆకుని పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, ఉండలుగా చుట్టే పద్ధతి అది, 1930ల్లో అస్సాంలో మొదలైంది. ఆకు టీలో ఆకుని వాడబెట్టి, మెలితిప్పి, రంగు మారనిచ్చి, ఆరబెడతారు. దీన్నే ఆర్థడాక్స్ అంటారు. వేడినీళ్లలో పడగానే ఆ మెలి విప్పుకుని మళ్లీ ఆకు ఆకులా కనిపిస్తుంది.

నూకలూ బియ్యమూ ఒకే వడ్లలోంచి వస్తాయి. నూక తొందరగా ఉడికిపోతుంది, జావకి భలే ఉంటుంది. అలాగని పెళ్లిలో నూకన్నం వడ్డించం కదా. సీటీసీ పొడి కూడా అంతే. నిమిషంలో రంగూ చిక్కదనమూ దిగుతాయి, పాలని తట్టుకుంటుంది. ఆకు టీ నెమ్మది మీద దిగుతుంది, దాని అందమంతా సువాసనలో ఉంటుంది. ఒకటి గొప్ప, ఇంకోటి తక్కువ అని నేననను. మా అత్తగారి ముందు అసలే అనను.

మందార టీ, తులసి టీ అని అమ్మేవాటిలో చాలావాటికి తేయాకు చెట్టుతో సంబంధమే ఉండదు. అవి కషాయాలు. మంచివే, కానీ ఇక్కడ రాసేవి వాటికి వర్తించవు.

మొదటిసారి ఏది కొనాలి? ఎంత కొనాలి?

పాల టీ అలవాటున్నవాళ్లు అస్సాం ఆర్థడాక్స్‌తో మొదలుపెట్టండి. రంగు ఎర్రగా, రుచి గట్టిగా ఉంటుంది, టీ తాగినట్టే ఉంటుంది. నీలగిరి టీ తేలిక, చల్లగా తాగడానికి బాగుంటుంది. డార్జిలింగ్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే తొలి కోతని ఫస్ట్ ఫ్లష్ అంటారు. అది లేత పసుపు రంగులో దిగుతుంది. మా చిన్నత్త మొదటిసారి చూసి, "ఇది ఇంకా ఉడకలేదే!" అని తిరిగి పొయ్యి మీద పెట్టింది. ఖరీదైన ఆకు, చేదు కషాయమైపోయింది. మే, జూన్‌లలో కోసే రెండో కోత మనవాళ్లకి ఇంకాస్త నచ్చుతుంది.

డార్జిలింగ్ అనే పేరుకి 2004లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. మన దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొట్టమొదటి సరుకు అదే. కాబట్టి పొట్లం మీద ఆ ముద్ర ఉందో లేదో చూసి కొనండి.

ఎంత అంటారా, వంద గ్రాములకి మించొద్దు. గ్లాసుకి రెండున్నర గ్రాముల లెక్కన వంద గ్రాములు నలభై గ్లాసులొస్తుంది. మన ఉక్క గాలిలో కిలో కొని ఏడాది తాగుదామనుకుంటే, చివరి ఆర్నెల్లూ గడ్డి తాగినట్టే.

ఏ నీళ్లు వాడాలి?

నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన ప్రశ్న ఇదే, ఎందుకంటే డెల్టాలో నీళ్లు ఊరికో రకం, ఒకే ఊళ్లో నెలకో రకం. గ్లాసులో ఉన్నది నూటికి తొంభై తొమ్మిది వంతులు నీళ్లే కదా. ఆకు ఎంత మంచిదైనా నీళ్లు బాగోకపోతే చేసేదేం లేదు.

బోరు నీళ్లు: సముద్రం వైపు ఊళ్లలో ఉప్పన. మరిగించినా ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. టీకి పనికిరావు, వదిలేయండి. ఉప్పు లేకపోయినా కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఇనుము ఉంటుంది. బిందె అడుగున తుప్పురంగు మడ్డి దిగితే అదే. ఇనుమూ టీలోని వగరూ కలిస్తే సిరాలాంటి నలుపొస్తుంది. పూర్వం సిరా చేసిందీ దాదాపు ఇలాగే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిపి. టీ నల్లగా వచ్చిందని "స్ట్రాంగు" అనుకునేరు.

కఠినమైన నీళ్లు, అంటే పప్పు ఓ పట్టాన ఉడకనివ్వని నీళ్లు: వీటిలో సున్నం ఎక్కువ. టీ చల్లారుతుంటే పైన సన్నటి తెట్టు కట్టి, గ్లాసు అంచుకి గోధుమరంగు గీతలా పట్టుకుంటుంది. నీళ్లని ముందు ఓ ఐదు నిమిషాలు తెర్లించి, చల్లార్చి, పైతేట వంచుకుంటే సున్నం కొంతవరకు అడుగుకి దిగుతుంది. కెటిల్ అడుగున కట్టే తెల్ల పొర ఆ సున్నమే. నిమ్మరసం కలిపిన నీళ్లు పోసి మరిగిస్తే ఊడొస్తుంది.

క్యాను నీళ్లు: ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవే, ఇరవై లీటర్ల ఆర్వో నీళ్లు. ఇక్కడ కష్టం తిరగబడుతుంది. తాగునీటిలో కరిగిన లవణాలు, అదే టీడీఎస్, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని మన దేశ ప్రమాణం. వేరే నీళ్లు లేని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. మా బోరు నీళ్లలో మీటరు పెడితే వెయ్యి దాటింది, క్యాను నీళ్లలో పెడితే నలభై కూడా లేదు. అంత తేలిక నీళ్లలో టీ చప్పగా, డొల్లగా ఉంటుంది. నేను మూడు వంతులు క్యాను నీళ్లకి ఒక వంతు కుళాయి నీళ్లు కలిపి మరిగిస్తాను. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

కుళాయి, చెరువు నీళ్లు: గోదారి నీళ్లు కాలవల్లోంచి మంచినీళ్ల చెరువుకి వచ్చి, అక్కణ్నుంచి ట్యాంకుకి ఎక్కేవి. నా లెక్కలో టీకి ఇవే నంబర్ వన్, బాగున్న నెలల్లో. వరదల రోజుల్లో ఎర్రనీరొస్తుంది. పటిక తిప్పినా, ఇండుపగింజ అరగదీసి కలిపినా తేరుకుంటాయి. పటిక ఎక్కువైతే మాత్రం ఆ వగరు టీలోకి వచ్చేస్తుంది. వరద తీశాక బ్లీచింగ్ వాసన కొడితే మూత తీసి మరిగించండి, చాలావరకు పోతుంది. ఎండాకాలం కాలవలు కట్టేశాక చెరువు నీళ్లు పచ్చబడి నాచు వాసనేస్తాయి. అప్పుడు నేను క్యానుకే మొగ్గు చూపిస్తాను. ఏ నీళ్లైనా తాగడానికి పనికొచ్చేలా శుభ్రం చేసినవే అయ్యుండాలి, రుచి ఆ తర్వాత సంగతి.

ఎంత ఆకు, ఎంతసేపు?

150 నుంచి 200 మిల్లీలీటర్ల కప్పుకి రెండు, రెండున్నర గ్రాములు. చెంచా లెక్క నమ్మకండి. చెంచాడు సీటీసీ మూడు గ్రాముల దాకా తూగుతుంది, అదే చెంచాలో పెద్దాకు ఒకటిన్నర గ్రాములు కూడా పట్టదు. బంగారం కొట్టు త్రాసు అక్కర్లేదు. వంటింట్లో వాడుకునే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఒక్కసారి తూచి, మీ చెంచాకి ఎంతొస్తుందో గుర్తుపెట్టుకోండి చాలు.

నల్ల టీకి, అంటే అస్సాం, డార్జిలింగ్ లాంటివాటికి, నీళ్లు తెర్లాలి, ఆకు తెర్లకూడదు. మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే. స్టవ్వు కట్టేసి, గిన్నె దింపి, అప్పుడు ఆకు వేసి మూతపెట్టండి. అస్సాంకి మూడు నుంచి ఐదు నిమిషాలు, డార్జిలింగ్‌కి రెండున్నర, మూడు. గ్రీన్ టీకి 75, 80 డిగ్రీల నీళ్లు, రెండు నిమిషాలు. ఊలాంగ్ అంటే ఆకుని సగం వరకే రంగు మారనిచ్చిన టీ. అది ఈ రెంటికీ మధ్యస్థం, 90 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు. అయ్యాక వెంటనే వడకట్టేయాలి. ఆకుని అందులోనే వదిలేసి ఫోను మాట్లాడుతూ కూర్చుంటే వగరు దిగుతూనే ఉంటుంది.

టీ పరీక్షించేవాళ్లు మాత్రం వంద మిల్లీలీటర్లకి రెండు గ్రాములు వేసి, మరుగునీళ్లు పోసి, ఆరు నిమిషాలు ఉంచుతారు. అంతర్జాతీయ ప్రమాణం అది. కానీ అది ఆకులో లోపాలు పట్టుకోవడానికి, హాయిగా తాగడానికి కాదు.

థర్మామీటరు లేదు. 80 డిగ్రీలని ఎలా తెలుస్తుంది?

మూడు గ్లాసుల మరుగునీళ్లకి ఒక గ్లాసు మామూలు మంచినీళ్లు కలపండి. మన ఊళ్లలో మామూలు నీళ్లు 30 డిగ్రీలుంటాయి కాబట్టి మొత్తం 80 చిల్లరకి వస్తుంది. అందులో గ్రీన్ టీ వేయండి. గ్రీన్ టీ చేదని తిట్టుకునేవాళ్లలో సగం మంది సలసలా కాగే నీళ్లు పోసినవాళ్లే.

ఇందులో ఒక తమాషా ఉంది. డార్జిలింగ్ పట్నం రెండు వేల మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి. మనం సముద్రమట్టాన ఉన్నాం, మనకి నూరు. అక్కడివాళ్లు "మరుగుతున్న నీళ్లు పోయండి" అంటే అది మన మరుగు కాదు. తొలికోత ఆకుకి నేను స్టవ్వు కట్టాక నిమిషం, నిమిషంన్నర ఆగి పోస్తాను.

పాలు పోయొచ్చా?

అస్సాం ఆకుకి పోయొచ్చు, మిగతావాటికి వద్దు. మనది గేదెపాల దేశం. గేదెపాలలో వెన్న ఆరేడు శాతం పైనే ఉంటుంది, ఆవుపాలకి దాదాపు రెట్టింపు. డార్జిలింగ్ ఆకుకి గేదెపాలు పోయడమంటే సన్నజాజుల మీద దుప్పటి కప్పడమే. పాలలోని మాంసకృత్తులు టీలోని వగరుని పట్టేసుకుంటాయి, అందుకే పాల టీ నునుపుగా ఉంటుంది. వగరున్న టీకి అది మేలు, సువాసనే ఉన్నదానికి నష్టం.

పాలతో కావాలంటే ఆకు కాస్త ఎక్కువ వేసి, ఐదు నిమిషాలు ఉంచి, వడకట్టిన డికాషన్‌లో వేడి పాలు కొద్దిగా కలపండి. పాలల్లో ఆకు వేసి పొంగించకండి. అలా తాగాలనుంటే సీటీసీ పొడే మంచిది, చవక కూడాను.

బెల్లం వేస్తే టీ విరిగిపోతోంది, ఎందుకు?

బెల్లంలో కాస్త పులుపుంటుంది, పాలు మరుగుతుండగా వేస్తే విరుగుతాయి. దింపి, ఒక నిమిషం ఆగి వేయండి. పాలు లేని అస్సాం టీలో బెల్లం ఎప్పుడు వేసినా ఇబ్బంది లేదు, రుచి కూడా కుదురుతుంది. పక్కన తాపేశ్వరం కాజానో ఆత్రేయపురం పూతరేకో ఉంటే మాత్రం టీలో తీపి అసలు వేయకండి.

ఏ గిన్నె వాడాలి?

స్టీలు, గాజు, పింగాణీ. ఇనపది వద్దు, కారణం పైన చెప్పాను. ఇత్తడి గిన్నెకి కళాయి ఉంటే పర్లేదు, కళాయి పోయినదాంట్లో కాయకండి. కూరలు వండిన గిన్నెలో కూడా వద్దు, ఎంత తోమినా పోపు వాసన ఉంటుంది. పేరున్న టీపాట్‌లేమీ అక్కర్లేదు. మూత ఉన్న స్టీలు గిన్నె, సన్నటి వడకట్టు చాలు. గుడ్డతో వడకట్టేవాళ్లు ఆ గుడ్డని సబ్బుతో ఉతక్కండి. గుడ్లలాంటి చిన్న జాలీలో ఆకు బిగించి ముంచుతారు చూడండి, అవి పెద్దాకుకి చాలవు. ఆకు విప్పుకోవడానికి చోటు కావాలి.

ఎక్కడ దాచాలి?

తయారైన టీలో తేమ మూడు, నాలుగు శాతమే ఉంటుంది. అందుకే అది గాలిలో తేమని అప్పడంలా పీల్చుకుంటుంది. ఏడు శాతం దాటిందంటే రుచి చచ్చిపోవడం మొదలు, ఇంకా పెరిగితే బూజే. జూన్ నుంచి నవంబరు దాకా మన గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉప్పు డబ్బాలో నీరు చేరుతుంటే టీ డబ్బాకి ఏం జరుగుతోందో ఊహించుకోండి.

పీల్చుకునేది తేమనొక్కటే కాదు, వాసనని కూడా. చైనాలో మల్లెపూల టీ చేసేది ఈ గుణంతోనే. ఆకు మధ్యలో పూలు పరిచి రాత్రంతా ఉంచితే వాసన ఆకులోకి వెళ్లిపోతుంది. మల్లెపూల వాసన పీల్చేది ఎండుచేపల వాసన పీల్చదా? మా పెదనాన్నగారింట్లో ఎండు రొయ్యల డబ్బా మీద టీ డబ్బా పెట్టారు. ఆ టీ తాగినవాళ్లెవరూ మొహమాటానికి కూడా బాగుందనలేదు. ఆవకాయ, ఇంగువ, మసాలా దినుసులు, కర్పూరం, అగరొత్తులు, బీరువాలో కలరా ఉండలు, అన్నిటికీ దూరంగా పెట్టండి.

నా పద్ధతి ఇది. పొట్లం విప్పగానే ఆకుని రెండు భాగాలు చేస్తాను. వారానికి సరిపడా చిన్న స్టీలు డబ్బాలో, మిగతాది రేకు లోపలున్న అసలు సంచిలోనే గాలి నొక్కేసి, మడిచి, క్లిప్పు పెట్టి, బిగుతు మూత ఉన్న ఇంకో డబ్బాలో. రోజూ తెరిచేది చిన్న డబ్బానే కాబట్టి పెద్దదానికి గాలి తగలదు. డబ్బా నిండుగా ఉండాలి. అడుగున రెండు చెంచాలున్న పెద్ద డబ్బాలో టీ కంటే గాలే ఎక్కువ. గాజు సీసా అందంగా ఉంటుంది కానీ వెలుతురు ఆకుని పాడుచేస్తుంది. తప్పదంటే చీకటి అలమారలో పెట్టండి. స్టవ్వు పైన ఉండే గూడు అన్నిటికంటే చెడ్డ చోటు. వేడీ, ఆవిరీ, పోపు వాసనా మూడూ అక్కడికే ఎక్కుతాయి. మన ఇళ్లన్నింట్లో టీ డబ్బా ఉండేది సరిగ్గా అక్కడే.

కొందరు తేమకి బియ్యం మూట వేస్తారు. వద్దు, పురుగొస్తుంది. కొత్త సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. తడి చెంచా పెట్టకండి, ఈ మాట మా ఇంట్లో రోజుకి రెండుసార్లు అంటాను.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

నల్ల టీకి అక్కర్లేదు. చల్లటి డబ్బా బయటికి తీసి మూత తెరవగానే మన గాలిలోని తేమ ఆకు మీద చెమట పట్టినట్టు దిగుతుంది. విప్పని గ్రీన్ టీ పొట్లం ఉంటే పెట్టొచ్చు. తీసిన రోజు పూటంతా బయట ఉంచి, చల్లదనం పోయాకే విప్పాలి. విప్పాక మళ్లీ లోపల పెట్టకండి.

ఆకు మెత్తబడింది. ఎండలో పెట్టనా?

వద్దండీ, ఎండ ఉన్న సువాసనని కూడా తీసుకుపోతుంది. వేళ్ల మధ్య నలిపితే పొడుం కాకుండా వంగుతుంటే తేమ పట్టినట్టు. పొడి మూకుడు సన్నటి సెగ మీద పెట్టి, రెండు మూడు నిమిషాలు కదుపుతూ వెచ్చబెట్టి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయండి. కొత్తదవదు, కొన్నాళ్లు నడుస్తుంది. బూజు కనిపించినా, ముక్కిపోయిన వాసన తగిలినా మొత్తం పారేయండి. అస్సాం నుంచి వచ్చిందని జాలిపడొద్దు.

ఎన్నాళ్లు నిలవుంటుంది?

విప్పని పొట్లంలో నల్ల టీ ఏడాదిన్నర, రెండేళ్లు. విప్పాక మన దగ్గర మూడు నాలుగు నెలలు. గ్రీన్ టీ విప్పాక రెండు నెలల్లో తాగేయాలి. డబ్బా మూత తీయగానే వాసన రాకపోతే తేదీ చూడక్కర్లేదు.

ఒకసారి వాడిన ఆకు మళ్లీ వాడొచ్చా?

ఊలాంగ్, మంచి గ్రీన్ టీ రెండు మూడుసార్లు దిగుతాయి, రెండోసారి ఒక నిమిషం ఎక్కువ ఉంచండి. నల్ల టీ రెండోసారి నీరసంగా ఉంటుంది. ఏదైనా గంట, రెండు గంటల్లోపే. పొద్దున్న ఆకు సాయంత్రానికి దాచకండి, మన ఉక్కలో పాచిపోతుంది.

మొదటి ముప్పై సెకన్ల నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందని ఒక మాట తిరుగుతోంది. అంత తొందరగా పోదు. పోయేది సువాసన.

కల్తీ అని అనుమానం. ఇంట్లో ఎలా చూడాలి?

రెండు పరీక్షలు. ఆహార భద్రతా సంస్థ చెప్పేవే. వడపోత కాగితం మీద కొంచెం టీ పరిచి నీళ్లు చిలకరించండి, కాసేపాగి కాగితం కడిగి వెలుతురులో చూడండి. మంచి టీ అయితే మరక దాదాపు ఉండదు, రంగు కలిపినది లేదా వాడేసిన పిప్పికి రంగేసినది అయితే మరకలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండోది, అయస్కాంతం తిప్పితే ఇనుపరజను ఉంటే అంటుకుంటుంది. పెద్దాకులో కల్తీ కష్టం, నీళ్లలో విప్పుకున్నాక ఆకు కంటికే కనిపిస్తుంది. పొడిలోనే ఈ బెడద ఎక్కువ.

ఎండాకాలం వేడి టీ తాగలేం. చల్లగా చేసుకోవచ్చా?

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పది గ్రాముల నీలగిరి ఆకు వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచండి. వడకట్టి ఆ రోజే తాగేయండి. చల్లటి నీళ్లకి వగరు పెద్దగా దిగదు, అందుకే తీయగా అనిపిస్తుంది. కాచిన టీని చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మబ్బు పట్టినట్టవుతుంది, అది చెడిపోవడం కాదు. టీలోని కెఫీన్, రంగు పదార్థాలు చల్లబడ్డాక ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది. కాస్త వేడి నీళ్లు పోస్తే తేరుకుంటుంది.

భోజనం అవ్వగానే తాగొచ్చా?

గంట ఆగండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుముని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు టీ. రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని తప్పకుండా పాటించాలి. ఎంత తాగొచ్చన్నది డాక్టరుగారిని అడగండి.

పిప్పి ఏం చేయాలి?

మొక్కలకి వేయండి. కడియం నర్సరీల నుంచి తెచ్చిన గులాబీలకి నేనదే వేస్తాను. పాలు, పంచదార కలిసిన పిప్పి అయితే కడిగి వేయాలి, లేకపోతే చీమలు. కుండీ పైన మందంగా పరచకుండా మట్టిలో కలపండి, బూజు పట్టదు.

పదిమంది వస్తే ఆకు టీ ఎలా పెట్టడం?

చిక్కటి డికాషన్ చేసి పెట్టుకోండి. అరలీటరు మరుగునీళ్లలో ఇరవై ఐదు గ్రాముల అస్సాం ఆకు, ఐదు నిమిషాలు, వడకట్టి ఫ్లాస్కులో. గ్లాసులో మూడో వంతు ఇది పోసి, మిగతాది వేడినీళ్లతో నింపి ఇవ్వడమే. వచ్చినవాళ్లలో సగం మంది ఎలాగూ, "ఇదేంటమ్మా, పాలు పోయడం మర్చిపోయావా?" అంటారు. అందుకని పక్క పొయ్యి మీద మామూలు పాల టీ కూడా ఒక గిన్నె పెట్టుకోండి.